మన పంట గురించి రాయడానికి బయటి మనిషికి డబ్బులెందుకివ్వాలి?



పోయిన వీడియోలో మా ఖర్చుల లెక్క చెప్పినప్పుడు ఒక పద్దు దగ్గర చాలామంది ఆగిపోయారు. "రాత పనికి సలహాదారు – నెలకు 5,000". సూర్యాపేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "దుక్కి ఖర్చు తెలుసు, కోత ఖర్చు తెలుసు, ఈ రాత ఖర్చేందన్నా?" అన్నాడు. కోదాడ మిత్రుడొకడు ఇంకో మాట అన్నాడు. "మన పంట గురించి మనకు తెలియదా? బయటోళ్లు వచ్చి మనకు చెప్పాల్నా?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండేళ్ల కింద అడిగితే నేనూ అదే మాట అనేవాణ్ని. పై వీడియోలో క్లుప్తంగా చెప్పాను. వీడియోలో చెప్పలేని కొన్ని సంగతులు ఉన్నాయి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీలు చూసుకుని పూర్తిగా చదవండి.

కొత్తగా చూసేవాళ్ల కోసం ముందు మా సంగతి. నేను వ్యవసాయ డిప్లొమా చదివాను. కొన్నాళ్లు పురుగుమందుల షాపులో పనిచేసి, ఆ మందులు అమ్మిన చేతులతోనే ప్రకృతి సేద్యంలోకి వచ్చాను. కోదాడ పక్కన మా సొంత పొలం ఆరెకరాలు. నాతోపాటు ఇంకో పదకొండు మంది రైతులు పండించిన దేశీ వరి బియ్యం, గానుగ వేరుశనగ నూనె, కందిపప్పు, పెసర్లు ఒకే పేరు మీద అమ్ముతున్నాం. కోదాడలో చిన్న కొట్టు ఉంది. సూర్యాపేటకు, మిర్యాలగూడకు వారానికి రెండుసార్లు ఆటోలో సరుకు పంపిస్తాం.

మేమే రాసుకున్న రోజులు

మొదట్లో అన్నీ నేనే రాసేవాణ్ని. సంచి మీద లేబుల్, కరపత్రం, వాట్సాప్ గ్రూపులో మెసేజీ, వీడియో కింద వివరాలు, అన్నీ. రాత్రి తొమ్మిదికి పొలం పని, కొట్టు పని అయ్యాక ఫోన్ పట్టుకునేవాణ్ని. రాయడానికి ఏమీ తోచకపోతే ఎవరో పంపిన మెసేజీని మా పేరు పెట్టి ముందుకు తోసేవాణ్ని. దాచుకోవడం దేనికి, మనలో చాలామందిమి చేస్తున్న పనే ఇది.

అట్లాంటి ఒక రాత్రి నవార బియ్యం ఫొటో పెట్టి, కింద ఇట్లా రాశాను: "నవార తినండి, షుగర్‌ను తరిమికొట్టండి!" ఆ వారం నవార సంచులన్నీ అయిపోయాయి. రాత అంటే ఇట్లా ఉండాలి అని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

రెండు నెలల తర్వాత మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. మా పాత ఖాతాదారుడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అన్నా, మా నాయన మీ బియ్యం తింటున్న కదా అని షుగర్ గోళీలు బంద్ పెట్టిండు. మాకు చెప్పలే. నిన్న కళ్లు తిరిగి పడ్డడు. షుగర్ నాలుగొందలు దాటింది. దవాఖానలో ఉన్నం."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. పెద్దాయన మంచం మీద ఉన్నాడు, సెలైన్ ఎక్కుతోంది. నన్ను చూసి కోప్పడలేదు. దిండు పక్కనున్న ఫోన్ తీసి నా మెసేజీయే నాకు చూపించాడు. "నువ్వు రాసిందే గద నాయినా. నువ్వు సదువుకున్నోడివి గదా అని నమ్మిన" అన్నాడు.

నాలుగు రోజులకు ఆయన కోలుకుని ఇంటికొచ్చాడు. లేకపోతే ఈ రోజు ఈ వ్యాసం రాయగలిగే వాణ్ని కాదు.

నవార కేరళ నుంచి మన దగ్గరికి వచ్చిన ఎర్ర బియ్యం రకం. మంచి బియ్యమే. పాలిష్ పట్టకుండా తింటే తౌడు, పీచు ఒంటికి అందుతాయి. కానీ అదీ బియ్యమే, అందులోనూ పిండి పదార్థమే ఎక్కువ. ఎంత తిన్నాం, దేనితో తిన్నాం అన్నదాన్ని బట్టి షుగర్ పెరుగుతుంది. గోళీ చేసే పని బియ్యం చేయదు. డిప్లొమా చదివిన నాకు ఇది తెలుసు. తెలిసీ ఆ మాట రాశాను, ఎందుకంటే ఆ రాత్రి నా ధ్యాసంతా సంచుల మీద ఉంది, తినే మనిషి మీద లేదు.

కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. మన పంట మనకు ముద్దే. అందుకే దాని గురించి రాసేటప్పుడు మన కన్ను మనకు అబద్ధం చెప్తుంది. బయటి మనిషి ఎందుకు కావాలి అన్నదానికి నాకు దొరికిన మొదటి జవాబు ఇదే.

సలహాదారు చేసిన మొదటి పని

సూర్యాపేటలో ఒక అక్క ఉంది. పేపర్లో చాలా ఏళ్లు జిల్లా వార్తలు దిద్దే పని చేసి మానేసింది. ఇప్పుడు చిన్న వ్యాపారాల వాళ్లకు రాత విషయంలో సలహాలు ఇస్తోంది. ఎవరో చెప్తే వెళ్లాను. మంచి మంచి మాటలు రాసిస్తుందని అనుకున్నాను. మొదటి నెల ఆమె ఒక్క ముక్క కూడా రాయలేదు.

ముందు పొలానికి వచ్చింది. మడి గట్టు మీద కూర్చుని జీవామృతం డ్రమ్ములు చూసింది. తర్వాత కొట్లో ఒక రోజంతా కూర్చుని, వచ్చినవాళ్లు ఏమేం అడుగుతున్నారో రాసుకుంది. సాయంత్రం ఆ కాగితం నా ముందు పెట్టింది. ఖాతాదారులు అడిగిన ప్రశ్నలు ఇరవై పైనే ఉన్నాయి. మా కరపత్రంలో ఆ ఇరవైలో ఒక్కదానికీ జవాబు లేదు.

"ఈ బియ్యం ఎంతసేపు నానబెట్టాలి?" "ముక్కపురుగు పడితే ఏం చేయాలి?" "పిల్లలు తింటారా?" "కిలో ఇంత ధర ఎందుకు?" ఇవీ వాళ్ల ప్రశ్నలు. మేమేమో కరపత్రం నిండా భూమాత, గోమాత, మన పూర్వీకులు అని రాసుకున్నాం. ఒకావిడైతే "ఆ జీవామృతం బియ్యంలో కలుపుతారా?" అని అడిగిందట. నవ్వొచ్చింది కానీ తప్పు ఆమెది కాదు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, రెండు రోజులు మురగబెట్టి పొలానికి పారిస్తామని మనకు తెలుసు. టౌనులో బియ్యం కొనే ఆమెకు ఎవరు చెప్పారు?

ఏడేళ్లుగా ఒకే పనిలో ఉన్నవాడికి, తెలియనివాళ్లకు ఏం తెలియదో గుర్తుండదు. ఇది రెండో జవాబు. బయటి మనిషి తెలియనివాళ్ల వైపు కూర్చుని అడుగుతుంది.

చూసిందా, కొలిచిందా, విన్నదా?

తర్వాత అక్క మా పాత రాతలన్నీ అచ్చు తీయించి ముందేసుకుంది. ప్రతి వాక్యం దగ్గర ఒకటే ప్రశ్న. "తమ్ముడూ, ఇది నువ్వు కండ్లతో చూసినవా, కొలిచినవా, ఎవరో చెప్తే విన్నవా?" పక్కన చూ, కొ, వి అని గుర్తు పెట్టింది. ఈ పద్ధతి మీకూ పనికొస్తుంది కాబట్టి ఉదాహరణలతో చెప్తాను.

"మూడేళ్లుగా ఈ మడిలో యూరియా వేయలేదు." చూసింది. ఉంచొచ్చు.

"ఎకరానికి ఇన్ని బస్తాలు వచ్చాయి." కొలిచింది. కాటా చీటీ ఉంటే ఉంచొచ్చు.

"మా బియ్యంలో మామూలు బియ్యం కంటే పది రెట్లు పోషకాలు." విన్నది. ఎవరు పరీక్ష చేశారు? ఏ ల్యాబ్? కాగితం ఉందా? లేదు. కొట్టేసింది.

"షుగర్‌ను తరిమికొట్టండి." అక్క పెన్ను కింద పెట్టి నా మొహం చూసింది. మిర్యాలగూడ సంగతి అప్పుడు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇది కొట్టేస్తే సరిపోదు. చదివినోళ్లందరికీ తప్పని చెప్పాలి" అంది.

ఆ రాత్రే గ్రూపులన్నింటిలో పెట్టాం: "నవార బియ్యం గురించి మేం ముందు రాసింది తప్పు. ఏ బియ్యమూ షుగర్‌ను తగ్గించే మందు కాదు. డాక్టర్‌ను అడగకుండా ఎవరూ గోళీలు ఆపొద్దు." పంపే ముందు చేయి వణికింది. వ్యాపారం మునుగుతుందని మా నాయన భయపడ్డాడు. తర్వాతి నెల నవార అమ్మకం సగానికి పడిపోయిన మాట నిజమే. ఒక్కణ్నే అయితే ఆ మెసేజీ పంపేవాణ్ని కాదేమో. పక్కన కూర్చుని "పంపు" అనే మనిషి ఉండటం మూడో జవాబు.

చట్టం సంగతి కూడా ఉంది

మనం సంచి మీద, ఫోన్‌లో రాసే మాటలు చట్టం కిందికి వస్తాయని మనలో చాలామందికి తెలియదు. అక్క చెప్పాక నేనూ చదువుకున్నాను.

ఒకటి, జబ్బుల మాట. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) 2018లో ప్రకటనలు, క్లెయిముల మీద నియమాలు తెచ్చింది. ఆహార పదార్థం జబ్బును నివారిస్తుంది, నయం చేస్తుంది అని ప్రచారం చేయకూడదు. 2006 ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. నా ఆరెకరాల మీద ఎన్నేళ్లు పండిస్తే అంత మిగులుతుందో లెక్కేసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

రెండు, 'ఆర్గానిక్' అనే మాట. 2017 సేంద్రియ ఆహార నియమాల ప్రకారం ఈ పేరుతో అమ్మాలంటే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ ఇండియా గానీ ధ్రువీకరణ ఉండాలి. చిన్న రైతు, ఏడాది టర్నోవర్ 12 లక్షలు దాటకుండా, తన పంటను నేరుగా తినేవాళ్లకే అమ్ముకుంటే దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు. అప్పుడు కూడా జైవిక్ భారత్ లోగో వేసుకోకూడదు. షాపుల ద్వారా అమ్మేవాళ్లకు ఈ మినహాయింపు వర్తించదు. పీజీఎస్‌లో కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. మేం ఇప్పుడు ఆ దారిలో ఉన్నాం. చేతికి వచ్చేదాకా మా సంచి మీద ఆ మాట లేదు. "రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకుండా పండించాం, వచ్చి పొలం చూడొచ్చు" అని మాత్రమే ఉంది.

సలహాదారు వకీలు కాదు. కానీ ఏ మాట దగ్గర ఆగి వకీల్నో, అధికారినో అడగాలో తెలిసి ఉండాలి. ఆ పాటి తెలియనివాళ్లను పెట్టుకోవద్దు.

పెద్దవాళ్లే అడుగుతుంటే మనకు నామోషీ ఎందుకు?

తెలంగాణ సోనా సంగతి చూడండి. ఆర్ఎన్ఆర్ 15048. రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తయారు చేసిన సన్న రకం. మన ప్రాంతంలో వేయని ఊరు తక్కువ. దీని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 పైచిలుకు అని విశ్వవిద్యాలయం చెప్పింది. 55 లోపుంటే తక్కువ కింద లెక్క. ఇది కొలిచిన మాట, మన భాషలో 'కొ' గుర్తు.

ఆ విత్తనాన్ని పుట్టించినవాళ్లకంటే దాని గురించి ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరు? అయినా దానికి ఒక బ్రాండ్‌గా పేరు తేవడానికి ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2020లో హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌తో ఒప్పందం చేసుకుంది. విత్తనం తయారు చేయడం ఒక విద్య, దాన్ని తినేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ఇంకో విద్య. అంతమంది శాస్త్రవేత్తలున్న చోటే ఆ సంగతి ఒప్పుకుని బయటివాళ్లను పిలిచారు. మనం పిలిస్తే చిన్నతనం ఎట్లా అవుతుంది?

మన మిర్యాలగూడ సంగతీ ఆలోచించండి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఎడమ కాలువ కింద వరి పెరిగింది, దాని వెంట మిల్లులు పెరిగాయి. బియ్యం ఇక్కడే ఆడుతుంది. కానీ సంచి మీద పేరు ఎవరిదో ఉంటుంది. పండించిన రైతు గురించి ఒక్క ముక్క ఉండదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత మన రైతు కోసమే పుట్టింది. తినేవాళ్లతో నేరుగా మాట్లాడే దారి మనకు ఇప్పుడు దొరికింది. దాన్ని అబద్ధాలతో పాడు చేసుకోకూడదు.

ఇప్పుడు నెలంతా పని ఎట్లా నడుస్తుంది

నెల మొదట్లో అక్కతో గంటసేపు కూర్చుంటాం. ఆ నెల పొలంలో ఏం జరుగుతుంది, కొట్లో ఏం అడుగుతున్నారు, ఏ ఫిర్యాదు వచ్చింది, ఇవే విషయాలు. వానాకాలం కోతలప్పుడు కొత్త బియ్యం ముద్దవుతుందని ముందే చెప్తాం, నీళ్లు తగ్గించి వండమంటాం. దంపుడు బియ్యం తౌడులో నూనె ఉంటుంది కాబట్టి ఎక్కువ కాలం నిలవుంటే ముక్క వాసన వస్తుందని, నెలకు సరిపడానే కొనమని రాస్తాం. మందు కలపని బియ్యానికి ముక్కపురుగు పట్టడం సహజమని, డబ్బాలో ఎండు వేపాకు, వావిలాకు వేయమని సంచి లోపల చీటీ పెడతాం.

మొదట నాకు భయమేసింది. "పురుగు పడుతుందని మనమే రాస్తే ఎవరు కొంటారక్కా?" అన్నాను. "రాయకపోతే పురుగు పట్టదా?" అంది. ఆ చీటీ పెట్టిన తర్వాత పురుగు గురించి ఫోన్లు తగ్గాయి. వచ్చిన ఫోన్లలోనూ తిట్లు లేవు.

ఇంకో మాట. రాసేది ఇప్పటికీ నేనే. అక్క అడుగుతుంది, దిద్దుతుంది, కొట్టేస్తుంది. ఆమె పూర్తిగా రాసిస్తే మాట మాది కాకుండా పోతుంది. మా ఖాతాదారులకు నా యాస తెలుసు.

పెట్టుకునే ముందు ఇవి చూసుకోండి

మొదటిది, పొలానికి రాని సలహాదారు వద్దు. గట్టు ఎక్కకుండా ఫోన్‌లోనే అన్నీ చేస్తానంటే, ఎవరి పంటకైనా అతికే మాటలే వస్తాయి.

రెండోది, "నెలలో పదివేల మంది సబ్‌స్క్రైబర్లు, అమ్మకాలు డబుల్" అని హామీ ఇచ్చేవాళ్లకు దూరంగా ఉండండి. నకిలీ విత్తనం అమ్మేవాడి మాట కూడా అట్లాగే ఉంటుంది.

మూడోది, మీ మాటకు అడ్డు చెప్పగలగాలి. మొదటి రోజే మీ కరపత్రం చూసి "చాలా బాగుంది సార్" అన్నవాళ్లు తర్వాత కూడా అదే అంటారు.

నాలుగోది, ఫోన్ నంబరు, చానెల్, పాస్‌వర్డులు, ఫొటోలు మీ పేరు మీదే ఉండాలి. రేపు ఆ మనిషి మానేసినా మీ పని ఆగకూడదు. ఏం చేయాలి, ఎంత ఇవ్వాలి అన్నది కాగితం మీద రాసుకోండి. ముందు మూడు నెలలకే మాట్లాడుకోండి.

అందరికీ ఇది అవసరం లేదు. ఇరవై ఇళ్లకు పాలు, కూరగాయలు ఇచ్చే రైతుకు తన నోటి మాటే చాలు. సరుకులో లోపం ఉంటే ఏ సలహాదారూ దాన్ని నిలబెట్టలేడు, ఆ డబ్బులు ముందు కళ్లం మీద, గోదాం మీద పెట్టండి. నెలకు ఇంత అని ఒక్కరే ఇచ్చుకోలేకపోతే, పది మంది రైతులు కలిసి ఒకరిని పెట్టుకోండి. మా పన్నెండు మందికి తలా నాలుగొందల పైచిలుకు పడుతోంది. ఒక ట్రిప్పు ఆటో కిరాయి అంత కూడా కాదు.

ఈ వారం మీ పని

మీ సంచో, కరపత్రమో, వాట్సాప్ మెసేజీయో ఏదో ఒకటి తీయండి. ప్రతి వాక్యం పక్కన చూ, కొ, వి అని గుర్తు పెట్టండి. 'వి' ఉన్నవన్నీ కొట్టేయండి. తర్వాత మీ పంట గురించి ఏమీ తెలియని ఒకరికి, మీ చెల్లెలికో, పక్కింటి వాళ్లకో మిగిలింది చదివి వినిపించి, వాళ్లు ఏం అడిగారో రాసుకోండి. ఆ ప్రశ్నల జవాబులే మీ కొత్త కరపత్రం. ఇదంతా మీరే నిజాయితీగా చేసుకోగలిగితే సలహాదారు అక్కర్లేదు. నా వల్ల కాలేదు, అందుకే పెట్టుకున్నాను.

మిర్యాలగూడ పెద్దాయన ఇప్పుడు బాగున్నాడు, గోళీలు వేసుకుంటున్నాడు. ఆ ఇంటికి బియ్యం, నూనె ఇప్పటికీ మా దగ్గరి నుంచే వెళ్తాయి. మొన్న ఆటో వెంట నేనే వెళ్లి, నవార సంచి మీద కొత్త లేబుల్ ఆయనకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివి, గోళీలు ఆపొద్దు అన్న వాక్యం మీద వేలు పెట్టాడు. "ఇది ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో ఎయ్యి నాయినా. మా వయసోళ్లకు కనపడాలె" అన్నాడు.

కొత్త సంచుల మీద పెద్ద అక్షరాల్లోనే వేయించాం. పై వీడియో చివర్లో ఆ లేబుల్ చూడొచ్చు.

మీ కరపత్రంలో ఎన్ని 'వి'లు వచ్చాయో కింద రాయండి. మా దాంట్లో పద్నాలుగు వచ్చాయి. వచ్చే వీడియోలో పీజీఎస్ గ్రూపు ఎట్లా కట్టుకోవాలో, మేం ఎక్కడ ఇబ్బంది పడ్డామో చెప్తాను.